హైబ్రిడ్ సైకిల్‌ని రోడ్ బైక్‌గా మార్చాలా? నా సైకిల్ మీదే చేయించి చూశాను

నమస్తే అండీ. ముందు ఈ సైకిల్ చూడండి. మామూలు హైబ్రిడ్, అంటే రోడ్ బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకం. అల్యూమినియం ఫ్రేము, ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు, రిమ్ముని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కే వీ-బ్రేకులు. కొన్నప్పుడు 22 వేలు. పోయిన ఏడాది దీనికి డ్రాప్ బార్, అంటే రోడ్ బైక్‌లకుండే కిందికి వంగిన హ్యాండిల్, పెట్టించాను. మూడు నెలలు తొక్కాను. తర్వాత తీసేసి, ఇదిగో, మళ్లీ పాత ఫ్లాట్ బారే, అంటే తిన్నగా ఉండే హ్యాండిలే, పెట్టుకున్నాను. ఎందుకు తీసేశానో చెప్తాను. మార్పించుకోవాలని అనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది వినండి.

ఆ ఆశ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. అక్కడ పొద్దున్నే మనం చెమటలు కక్కుతూ తొక్కుతుంటే, డ్రాప్ బార్ పట్టుకుని వంగినవాళ్లు పక్కనుంచి రయ్యిన వెళ్లిపోతారు. చూడగానే, ఆ వంపు హ్యాండిల్ మనకీ ఉంటే చాలు అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

సరే, హ్యాండిల్ దగ్గరికే వద్దాం. ఈ వెర్నియర్ చూడండి. ఫ్లాట్ బార్ గ్రిప్పు ఉండే చోట 22.2 మిల్లీమీటర్లు. డ్రాప్ బార్ 23.8. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకే. కానీ ఆ కాస్త తేడాకే పాత బ్రేక్ లివర్లు ఎక్కవు, పాత గేర్ షిఫ్టర్లూ ఎక్కవు. అంటే బ్రేకు, గేరు ఒకే లివర్లో ఉండే రోడ్ షిఫ్టర్లు కొనాల్సిందే. 7 స్పీడ్‌కి షిమానో టూర్నీలో, 8 స్పీడ్‌కి క్లారిస్‌లో దొరుకుతాయి. మొత్తం ఖర్చులో పెద్ద ముక్క ఇదే. పైగా వ్యవహారం ఇక్కడితో ఆగదు.

ఇప్పుడు చెప్పేది బ్రేకుల సంగతి, దీన్ని మాత్రం జాగ్రత్తగా వినండి. వీ-బ్రేకు పనిచేయాలంటే లివర్ నొక్కినప్పుడు కేబుల్ ఎక్కువ దూరం లాగాలి. రోడ్ లివర్ లాగేది తక్కువ దూరం. నాకు ఫిట్ చేసిన షాపులో ఈ విషయం చెప్పలేదు. ఉన్న వీ-బ్రేకులకే రోడ్ లివర్లు కలిపి, ప్యాడ్లు రిమ్ముకి దాదాపు ఆనించి పంపించేశారు. వీధిలో తొక్కితే బాగానే ఆగింది. రెండో ఆదివారం వికారాబాద్ అనంతగిరి కొండ దిగుతున్నాను. రాత్రి వాన పడింది, రిమ్ములు తడిగా ఉన్నాయి. మలుపు ముందు రెండు లివర్లూ నొక్కాను. లివర్లు వచ్చి బార్‌కి తగిలాయి. అంటే ఇంక నొక్కడానికేమీ మిగల్లేదు, సైకిల్ మాత్రం పోతూనే ఉంది. ఎదురుగా బండేదీ రాలేదు కాబట్టి రోడ్డు అవతలి అంచు దాకా వెళ్లి ఆపుకోగలిగాను. కాళ్లు వణికాయండీ. పావుగంట అక్కడే రాయి మీద కూర్చున్నాను.

దీనికి మందు లేకపోలేదు. మినీ వీ-బ్రేకులని ఉంటాయి. వాటి చేతులు పొట్టిగా, 80-85 మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి రోడ్ లివర్ లాగే కేబుల్ సరిపోతుంది. తర్వాత అవే వేయించాను, బాగా పట్టాయి కూడా. కాకపోతే చేతులు పొట్టివి కదా, లావు టైరు మీద మడ్‌గార్డ్ పట్టేంత సందు ఉండదు. మీది కేబుల్ డిస్క్ బ్రేకు అయితే రోడ్ లివర్లకి పనికొచ్చే క్యాలిపర్లు (డిస్కుని పట్టి ఆపే భాగాలు) వేరే కొనాలి. హైడ్రాలిక్ డిస్క్ అయితే నా మాట విని ఈ ఆలోచన మానుకోండి. డ్రాప్ బార్‌కి సరిపడే హైడ్రాలిక్ లివర్ల ధర మీ సైకిల్ ధరకి దగ్గరగా వచ్చేస్తుంది.

గేర్ల విషయంలో కొంత నయం. షిమానోలో వెనక 9 స్పీడ్ వరకూ రోడ్ షిఫ్టరు, మౌంటెన్ బైక్ డిరైలరు (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) కలిసి పనిచేస్తాయి. 10 స్పీడ్ నుంచి కలవవు. ముందు డిరైలర్ లెక్క వేరు, దాన్నీ మార్చాల్సి వస్తుంది.

ఇవన్నీ డబ్బుతో తీరేవే. నా చేత డ్రాప్ బార్ తీయించింది వేరే. ఈ టేపు చూడండి. ఇది ఫ్రేము పై గొట్టం, టాప్ ట్యూబ్ అంటాం. హైబ్రిడ్‌కి ఇది కావాలనే పొడుగ్గా పెడతారు, ఎందుకంటే ఫ్లాట్ బార్ మీద చేతులు స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేము ముందు భాగానికి కలిపే ముక్క) దగ్గరే ఉంటాయి. డ్రాప్ బార్ పెడితే చేతులు ఉండేది లివర్ల మీద, హుడ్స్ అంటాం కదా, అక్కడ. అది దాదాపు పది సెంటీమీటర్లు ముందుకు. 90 మిల్లీమీటర్ల స్టెమ్ తీసేసి 50ది వేశాను. అయినా లెక్క చూసుకుంటే ఆరు సెంటీమీటర్లు ముందుకే సాగాల్సి వచ్చింది. ఇరవై కిలోమీటర్లు దాటేసరికి మెడ పట్టేసేది, చిటికెన వేళ్లు తిమ్మిరెక్కేవి. సీటు ముందుకు జరిపి చూశాను, మోకాళ్ల నొప్పి మొదలైంది. ఫ్రేము పొడవు మాత్రం ఏ మెకానిక్కూ తగ్గించలేడు కదండీ.

మొత్తం మీద నాకు 19 వేలు అయింది. 22 వేల సైకిల్‌కి! చారాణా కోడికి బారాణా మసాలా అని మన హైదరాబాద్‌లో ఊరికే అనరు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే, మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ రోడ్ బైకే వెతుక్కోవచ్చు.

మరి వేగం ఎలా పెరుగుతుంది అంటారా? నాకు అసలు తేడా తెచ్చినవి టైర్లు. ఇదిగో పాత టైరు, పక్కన 40-622 అని రాసి ఉంది చూడండి. 40 వెడల్పు, 622 రిమ్ము కొలత. రోడ్ బైక్ 700సీ టైర్లదీ అదే 622. అంటే రిమ్ము వెడల్పుకి నప్పుతుందో లేదో చూసుకుని సన్న టైరు నేరుగా ఎక్కించుకోవచ్చు. నేను బుడిపెల్లేని 32 వేశాను, ట్యూబులతో కలిపి మూడు వేలు. చేత్తో పట్టుకుంటేనే బరువు తేడా తెలిసిపోతుంది. తొక్కితే చెప్పక్కర్లేదు, చక్రం దానంతటదే దొర్లుతున్నట్టు ఉంటుంది. 28కి పోవచ్చు కానీ, మన గుంతల రోడ్లకి 32 దాటి సన్నగా వద్దు.

రెండోది ఎదురుగాలి. గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి, అంటే వేగం × వేగం × వేగం లెక్కన పెరుగుతుంది. గంటకి 20 నుంచి 30కి వెళ్లాలంటే ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్ల పైన శక్తి కావాలి. ఆ గాలికి అడ్డం పడేది ముఖ్యంగా మన ఛాతీ, భుజాలు. స్టెమ్ కింద ఉన్న ఈ రింగులు తీసి పైన పెట్టాను, స్టెమ్ తిరగేశాను. హ్యాండిల్ నాలుగు సెంటీమీటర్లు దిగింది. ఖర్చు సున్నా, ఒక అలెన్ కీ చాలు. ఒకేసారి మొత్తం దించకండి, వారానికి ఒక రింగు చొప్పున తీయండి, నడుం అలవాటు పడుతుంది. చేతులు మార్చుకోవడానికి గ్రిప్పుల లోపలి వైపు ఈ చిన్న బార్ ఎండ్స్ బిగించాను, ఎదురుగాలిలో ఇవే పట్టుకుంటాను.

మీది ముందు సస్పెన్షన్ ఉన్న హైబ్రిడ్ అయితే, తారు రోడ్డు మీద లాక్ చేసి తొక్కండి. సస్పెన్షన్ లేని గట్టి ఫోర్కు వేసుకుంటే బరువు బాగా తగ్గుతుంది, కానీ ఎత్తు పాతదానికి సమానంగా ఉన్నదే తీసుకోవాలి.

200 కిలోమీటర్ల బ్రెవేకి (ఇచ్చిన టైంలోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడు) హైబ్రిడ్ పనికొస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. భేషుగ్గా పనికొస్తుంది. దానికి 13 గంటల 30 నిమిషాల టైం ఇస్తారు, ఆగే సమయంతో కలిపి గంటకి 15 కిలోమీటర్లు కూడా పడదు. 300, 400 దాకా వెళ్లాలనుకుంటే మాత్రం చేతులు మార్చుకునే చోట్లు ఎక్కువ కావాలి. అప్పుడు డ్రాప్ బార్‌కే పుట్టిన ఫ్రేము కొనుక్కోండి.

నా డ్రాప్ బార్, లివర్లు ఏమయ్యాయంటారా? మా కాలనీలో ఒక తమ్ముడి దగ్గర వాళ్ల బాబాయిది పాత స్టీల్ రోడ్ ఫ్రేము ఉంటే ఇచ్చేశాను. పోయిన ఆదివారం గండిపేట దగ్గర కలిశాడు. "అన్నా, ఒకసారి తొక్కి చూడు" అని సైకిల్ చేతికిచ్చాడు. అదే బార్, అవే లివర్లు. ఎక్కి కూర్చున్నాను, చేతులు చాచక్కర్లేకుండా నేరుగా హుడ్స్ మీదకి వచ్చి వాలాయి. రెండు వేళ్లతో బ్రేకు నొక్కాను, ఉన్నచోటే ఆగింది.