సప్లీ రాసి గట్టెక్కినవాడే అసలైన మెంటర్

నమస్కారం. విజయవాడ, గుంటూరు ప్రిన్సిపాళ్లకు కోపం వస్తుందని తెలిసే ఈ మాట చెబుతున్నాను. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థికి మెంటర్‌గా ఉండవలసింది ప్రొఫెసరూ కాదు, క్లాస్ టాపరూ కాదు. మ్యాథ్స్ తప్పి, సప్లీ, అంటే సప్లిమెంటరీ పరీక్ష, రాసి గట్టెక్కిన సీనియర్.

విశాఖలో మరణించిన 17 ఏళ్ల నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు మీకు తెలిసిందే. విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి, ముఖ్యంగా పరీక్షల వేళ మెంటర్లనో కౌన్సెలర్లనో కేటాయించాలని అందులో ఉంది. 3 వారాల ఇండక్షన్ జరపాలనీ, 20 మందికి ఒక అధ్యాపకుడు మెంటర్‌గా ఉండాలనీ సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అంతకుముందే చెప్పింది. కాగితం మీద లోటేమీ లేదు.

ఆ కాగితాన్నే, అంటే మెంటర్ నింపే ఫారాన్ని, ఒక కళాశాల స్టాఫ్‌రూములో చూశాను. హాజరు శాతం, తండ్రి ఫోన్ నంబరు, సంతకం, చివరన ‘సమస్యలు’ అనే గడి. 20 పేర్లకు ఎదురుగా ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో ‘ఏమీ లేవు’ అని రాసి ఉంది. ఇరవై మంది పిల్లలు, ఒక్కరికీ ఏమీ లేదట!

ఎందుకు చెబుతారండీ? జేఎన్‌టీయూ కాకినాడ పద్ధతిలో నూటికి 30 ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో, ఆయన ముందే కూర్చుని ‘సార్, మీ పాఠం అర్థం కావడం లేదు’ అనగలిగే పిల్లవాడు ఎక్కడున్నాడు? ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజామున లేపి, రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా వార్డెన్ కాపలా కాసి చదివించిన పిల్లవాడు, ఇక్కడికి వచ్చాక అడిగేవారు లేక, సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్షలో 8 మార్కులు చూసుకుని, ఇంటికి ఫోన్ చేయలేక హాస్టల్ గదిలో ముడుచుకుంటాడు. ఆ గదిలో ఆ రాత్రి ఎలా ఉంటుందో టాపర్‌కు తెలియదు.

గుంటూరు మిర్చి యార్డుకు కొత్తగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చిన రైతు ఎవరిని అడుగుతాడు? తేమ ఉందన్న వంకతో కిందటేడు ధర కోల్పోయిన పక్క ఊరి రైతునే కదా! చదువులో మాత్రం దెబ్బతిన్నవాడి మాటకు విలువ లేదంటారా?

సీనియర్లను రానిస్తే ర్యాగింగ్ అంటారు. 1997 నుంచి మన రాష్ట్రంలో దానికి చట్టం ఉంది; పైగా నేను హాస్టల్ గదిలో కలవమనడం లేదు, వారానికి ఒక గంట లైబ్రరీలో, అధ్యాపకుడి కనుచూపు మేరలో కూర్చోబెట్టమంటున్నాను. దిగులు ముదిరిందనిపిస్తే ఆ సీనియరే కౌన్సెలర్ దగ్గరకు వెంటబెట్టుకు వెళ్తాడు.

ఈ వీడియో చూస్తున్న విద్యార్థులు ఒక్క పని చేయండి. మీ మెంటర్ పేరు ఎవరినీ అడగకుండా కామెంట్‌లో రాయండి. మీ ‘సమస్యలు’ గడిలో ఏం రాసి ఉందో కూడా చెప్పండి.