ప్రాగ్‌లో నేలచూపులు

అందరికీ నమస్కారం.

ఐరోపా వెళ్లిన మనవాళ్లు మొదటి రోజు ఏం చేస్తారో మీకు తెలుసు. హోటల్లో పెట్టె పడేసి, ఫోన్లో జాబితా తీసి, కోట, చర్చి, మ్యూజియం అన్నీ సాయంత్రంలోగా అయిపోవాలని పరుగు. చెక్ దేశ రాజధాని ప్రాగ్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటి రోజు టికెట్ కొని లోపలికి వెళ్లే పనులేవీ పెట్టుకోకండి. వీధుల్లో నడవండి, అదీ నేల చూస్తూ నడవండి. అంత గొప్ప శిఖరాలున్న ఊళ్లో నేల చూడమంటాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఆ ఊరు తనకు తగిలిన దెబ్బల్ని చాలావరకు కాళ్ల కిందే గుర్తు పెట్టుకుంది.

మనకొక సౌకర్యం కూడా ఉంది. వేసవిలో అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ తెల్లవారుజామున నాలుగైతే మన ఒంటికి ఏడున్నర, ఎలాగూ మెలకువ వచ్చేస్తుంది. పక్క మీద దొర్లకుండా ఐదింటికల్లా చార్లెస్ వంతెన మీదికి వెళ్లండి. పొద్దెక్కితే అక్కడ తోపులాటే.

516 మీటర్ల రాతి వంతెన, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో శంకుస్థాపన చేశాడు. జూలై 9న ఉదయం 5 గంటల 31 నిమిషాలకు రాయి వేశాడని చెబుతారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ఎటు నుంచి చదివినా ఒకటే! మన పురోహితులు కూడా ఇంత ముచ్చటైన ముహూర్తం పెట్టి ఉండరు. నాకైతే ఇది తర్వాతెవరో తీరిగ్గా కుదిర్చిన లెక్కేమో అని అనుమానం. 1841 దాకా ప్రాగ్‌లో వల్తావా నది దాటడానికి ఈ ఒక్క వంతెనే దిక్కు.

వంతెన దిగి పాత పట్టణంలోకి వెళ్లే చోట ఒక బురుజు ఉంటుంది. 1621లో దాని మీద పన్నెండు తలలు వేలాడదీశారు. ఎవరివో తెలియాలంటే అక్కడి నుంచి ఓల్డ్ టౌన్ స్క్వేర్‌కి నడవాలి.

ఆ చౌకులో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. సూర్యచంద్రుల గతి, పన్నెండు రాశులు అన్నీ అందులో కనిపిస్తాయి. గంట కొట్టే వేళకు జనం ఫోన్లు పైకెత్తి నిలబడతారు. అస్థిపంజరం గంట మోగిస్తుంది, ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు కిటికీల్లో తిరుగుతాయి, చివర్లో కోడి కూస్తుంది. చూస్తుండగానే అయిపోతుంది. నిజం చెప్పాలంటే, అందరూ చెప్పినంత ఏమీ లేదు.

గడియారం ఉన్న భవనం మూల తిరిగి తూర్పు వైపుకి రండి. రాళ్ల మధ్య తెల్లగా 27 శిలువలు కనిపిస్తాయి. హాప్స్‌బర్గ్ వంశపు రాజు మీద తిరగబడిన బొహీమియా (ప్రాగ్ రాజధానిగా ఉన్న అప్పటి రాజ్యం) సేన 1620 నవంబరులో వైట్ మౌంటెన్ దగ్గర ఓడిపోయింది. మరుసటి ఏడాది జూన్ 21న ఆ తిరుగుబాటు నాయకులు 27 మందిని ఇక్కడే చంపారు. ప్రభువులు ముగ్గురు, నైట్ హోదా ఉన్న యోధులు ఏడుగురు, మిగతా పదిహేడుగురూ పట్టణ పౌరులు. బురుజు మీది తలలు వీళ్లలో పన్నెండుమందివి. గడియారం చూసిన జనంలో సగంమంది ఐస్‌క్రీం తింటూ ఆ శిలువల మీదుగానే నడిచిపోతారు.

అదే చౌకులో నేల మీద ఒక ఇత్తడి గీత ఉంటుంది. ఒకప్పుడు మధ్యాహ్నం మేరీమాత స్తంభం నీడ ఆ గీత మీద పడితే ఊరికి పన్నెండు అయినట్టు లెక్క. 1918లో చెకొస్లొవేకియాగా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది రోజులకే జనం ఆ స్తంభాన్ని హాప్స్‌బర్గ్ పాలనకు గుర్తని కూల్చేశారు. నూరేళ్లు దాటాక, 2020లో, దాని నకలు నిలబెట్టారు.

పక్కనే యూదుల పేట, యోజెఫోవ్. కొన్ని ఇళ్ల ముందు అరచేతి సైజు ఇత్తడి పలకలు రాళ్లతో సమానంగా పాతి ఉంటాయి. ఇక్కడ ఉండిన మనిషి పేరు, పుట్టిన ఏడు, నాజీలు ఎక్కడికి తరలించారు, ఎక్కడ చంపారు, అంతే. చదవాలంటే నడుం వంచక తప్పదు.

సాయంత్రం వెన్సెస్లాస్ స్క్వేర్‌కి వెళ్లండి. నేషనల్ మ్యూజియం ముందు నేలలోంచి ఉబికినట్టుండే కంచు శిలువ ఒకటుంది. సోవియట్ సేనల ఆక్రమణకు నిరసనగా 1969 జనవరి 16న యాన్ పలాహ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి అక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకు చనిపోయాడు.

ఇంకో విషయం. 2020లో ఆ స్క్వేర్ దిగువ భాగంలో నేల తవ్వితే, పరిచిన రాళ్ల అడుగున హీబ్రూ అక్షరాలు బయటపడ్డాయి. కమ్యూనిస్టుల కాలంలో యూదుల సమాధి రాళ్లను చిన్న ముక్కలుగా కోసి, రాత కనపడకుండా బోర్లించి పరిచేశారన్నమాట. వాటిని తీసి యూదు సమాజానికి అప్పగించారు.

మెత్తటి అట్ట ఉన్న బూట్లు వేసుకోండి, ఆ గతుకుల రాళ్లకు చెప్పులు పనికిరావు. అక్కడ చెల్లేది కొరునా, యూరో కాదు. కోటకి రెండో రోజు 22వ నంబరు ట్రామ్ ఎక్కండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.