ఇంజన్ హీటెక్కితే ముందు నీటి దారి చూడండి

(వేట నిషేధం ముగిసే ముందు రేవులో ఫైబర్ బోట్ల వాళ్లకు ఒక ఔట్‌బోర్డు (బోటు వెనక బయట బిగించే ఇంజన్) మెకానిక్ చేసిన ప్రసంగం)

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదు. 15వ తేదీ తెల్లారేసరికి అందరూ సముద్రంలో ఉంటారు, మధ్యాహ్నానికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఇంజన్ హీటెక్కిపోయింది, హెచ్చరిక కూత ఆగట్లేదు. రెండు నెలలు ముట్టుకోనేలేదు, ఎలా పాడైంది?" ముట్టుకోకపోవడం వల్లే పాడైంది.

మన ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు. సముద్రపు నీరే కింద జాలీలోంచి లోపలికి వెళ్లి, పంపు తోస్తే పైకెక్కి, హెడ్డు చుట్టూ తిరిగి బయట పడుతుంది. ఆ దారిలో ఎక్కడ అడ్డు పడ్డా ఇంజన్ కాగుతుంది. కింద నుంచి పైకి వరసగా చూసుకుంటూ రండి. పిస్టన్ జోలికి ముందే వెళ్లొద్దు.

నేను వెళ్లాను. పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో, పక్క నుంచి రావాల్సిన నీటిధార రావట్లేదని ఒక ఇంజన్ హెడ్డు విప్పేశాను. సగం రోజు పోయింది. తీరా చూస్తే ఆ ధార వచ్చే కంతలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టుకుంది! సన్న తీగ పెట్టి పొడిస్తే పోయేది. అప్పట్నుంచి నా చెయ్యి మొదట తీగ మీదకే వెళ్తుంది.

తీగతో తేలకపోతే పంపు విప్పండి. లోపల ఇంపెల్లర్ అని రబ్బరు చక్రం, దాని రెక్కలు ఒక పక్క గోడకి నొక్కుకుని ఉంటాయి. రెండు నెలలు అలాగే ఉండేసరికి ఆ రెక్కలు వంగినచోటే బిగుసుకుపోతాయి. తీసి అరచేతిలో పెట్టుకోండి, వంగిన రెక్క తిరిగి నిలబడాలి. నిలబడకపోయినా, రెక్క మొదలు దగ్గర చీలిక కనిపించినా, కొత్తది వేసేయండి. ఒక రెక్క విరిగిపోయి ఉంటే మాత్రం ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. వదిలేస్తే నీటితోపాటు పైకెక్కి ఎక్కడో సందులో ఇరుక్కుంటుంది, కొత్త ఇంపెల్లర్ వేసినా కూత ఆగదు. బిగించేటప్పుడు రెక్కలకి సబ్బునీళ్లు రాసి, షాఫ్టు, అంటే పంపుని తిప్పే కడ్డీ, తిరిగే వైపుకే తిప్పుతూ దించండి. ఇంకొకటి, షాఫ్టు పక్కన ఇంపెల్లర్‌ని దానికి పట్టించే చిన్న లోహపు ముక్క, కీ అంటాం, ఉంటుంది. అది ఇసకలో పడితే ఆ రోజు పని అయిపోయినట్టే. కింద తెల్లగుడ్డ పరుచుకోండి.

"ధార బాగానే వస్తోంది, అయినా హీటు" అంటారు కొందరు. ఇది ఎక్కువమందిని మోసం చేస్తుంది. చాలా ఇంజన్లలో ఆ ధార థర్మోస్టాట్‌కి, అంటే నీళ్లు వేడెక్కాక తెరుచుకునే మూతకి, ముందే చీలి వస్తుంది. ధార వచ్చిందంటే పంపు బతికుందని అర్థం, అంతే. థర్మోస్టాట్ ఉప్పు పట్టి మూసుకుపోతే వేడినీళ్లు లోపలే నిలిచిపోతాయి. దాన్ని ఊడదీసి దారానికి కట్టి, గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాయండి. చాలా ఔట్‌బోర్డుల్లో 50, 60 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. నీళ్లు మరిగినా తెరుచుకోలేదంటే పారేయండి. అది తీసేసి ఊరికే నడిపేవాళ్లున్నారు, నాకు నచ్చదు. ఇంజన్ తగినంత వేడి కాక ఇంధనం ఎక్కువ తాగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి.

ఈ ఉప్పంతా ఏప్రిల్లో చేసిన బద్ధకమే. ఆఖరి వేట నుంచి వచ్చాక పది పదిహేను నిమిషాలు మంచినీళ్లతో నడిపి ఉంటే లోపల ఉప్పు గడ్డకట్టేది కాదు.

నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని మాత్రం అనొద్దు. ఆ ఒక్కసారికే ఎండు రబ్బరు కాలిపోతుంది. డ్రమ్ములో పెట్టి, జాలీ బాగా మునిగేలా నీళ్లు పోసి నడపండి. ఆ నీళ్లే తిరిగి తిరిగి కాగుతాయి కాబట్టి పక్కన గొట్టం పెట్టి చల్లనీళ్లు పోస్తూ ఉండండి.

సరే, అక్కడ డ్రమ్ములో ఉన్న ఇంజన్ ఎవరిది? నీదేనా తమ్ముడూ? తీసుకురా, విప్పుదాం. ఎవరైనా ఒక తెల్లగుడ్డ ఇవ్వండి.