తలూపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో లివర్ జబ్బులు చూసే మాలాంటి వాళ్ల దగ్గరికి మెక్సికో మూలాలున్న పేషెంట్లు రోజూ వస్తారు. 2004లో వచ్చిన డాలస్ హార్ట్ స్టడీ లెక్క చూడండి. కాలేయంలో కొవ్వు హిస్పానిక్‌లలో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లలో, 45 శాతం మందికి, తెల్లవాళ్లలో 33 శాతానికి, ఆఫ్రికన్ అమెరికన్లలో 24 శాతానికి ఉంది. ఇందులో పీఎన్‌పీఎల్ఏ3 జన్యువు పాత్ర 2008లో బయటపడింది. జన్యువును మనం మార్చలేం కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేసి, ఈ పేషెంట్లతో డాక్టర్లుగా మనం ఎలా మాట్లాడాలో చెప్తాను.

"మందులు వేసుకుంటున్నారా?" అంటే పెద్దాయన "సీ, డాక్టర్", అంటే స్పానిష్‌లో అవును అని తలూపుతాడు. డాక్టరుకు ఎదురు చెప్పకూడదన్న మర్యాద అది. మనమేమో వేసుకుంటున్నాడని చార్టులో రాసేస్తాం. ఇంటర్‌ప్రెటర్ లేకపోతే పదేళ్ల కూతురు మధ్యలో నిలబడుతుంది. "మీ నాన్నకు సిర్రోసిస్", అంటే లివర్ గట్టిపడి పాడైపోయిందని ఆ పిల్ల చేత చెప్పిస్తామా? అత్యవసరమైతే తప్ప పిల్లల్ని అలా వాడుకోకూడదని అమెరికాలో నిబంధనే ఉంది.

ఆ మాట వినగానే భార్య మొహం మాడిపోతుంది. తాగుబోతుల జబ్బు కదా అనుకుంటుంది. చుక్క ముట్టనివాడికి కూడా షుగరు వల్ల, బరువు వల్ల లివర్ పాడవుతుందని ఆమె ఎదుటే చెప్పాలి. పైగా చాలా ఇళ్లలో వంట ఆమె చేతిలోనే ఉంటుంది. ఆయనొక్కడికే డైట్ షీటు ఇచ్చి పంపితే ఏం లాభం? వాళ్లు రోజూ తినే మొక్కజొన్న రొట్టెలు, టోర్తియాలు మానేయమనకండి, మళ్లీ రారు. ముందు కూల్‌డ్రింకుల సంగతి చూడండి.

ఇక మూలికలు. గోబెర్నాదోరా అనే ఎడారి పొద ఆకుల్ని కిడ్నీలో రాళ్లకని కాచుకు తాగుతారు. దానితో లివర్ దెబ్బతింటుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1992లోనే హెచ్చరించింది. "నాటువైద్యం చేయించుకున్నారా?" అని గద్దిస్తే ఎవరూ చెప్పరు. కామెర్లకు పసరు తాగొచ్చిన మనవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్తారా? "ఇంట్లో ఏమేం కాచుకుని తాగుతారు?" అని మామూలుగా అడగండి.

నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. పేషెంటు ఆలస్యంగా వస్తే చాలు, "వీళ్లు అంతా దేవుడి మీద వేస్తారు" అని మన డాక్టర్లలో కొందరు తేల్చేస్తారు. అమెరికాలో ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం ఎక్కువగా ఉన్నది టెక్సాస్‌లోనే. దేశంలో ఉండటానికి కాగితాలు లేనివాడు, ఒకరోజు మానేస్తే ఆ రోజు కూలి పోయేవాడు పొట్టలో నీరు చేరేదాకా ఆసుపత్రి గడప తొక్కడు. అప్పుడు "సీ దియోస్ కియేరె", దేవుడు తలిస్తే అంటాడు. అలాంటి కేసులో నేను ముందు పిలిచేది సోషల్ వర్కర్‌ని.