షాపులో స్టూలు వేస్తే తప్పేంటి? ఉద్యోగులు, యజమానులతో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పని చేసే చోట మనిషిని మనిషిగా చూడటం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. కార్మిక శాఖలో అధికారిగా పనిచేసి రిటైరైన మేడమ్ స్టూడియోలో ఉన్నారు. అప్పుడే కాల్స్ వస్తున్నాయి. హలో, చెప్పండి.

కాలర్ (నల్గొండ): హలో... నమస్తే మేడమ్, వినబడుతోందా?

మేడమ్: వినబడుతోందమ్మా. టీవీ సౌండ్ తగ్గించు.

కాలర్: తగ్గించాను మేడమ్. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మానేస్తానంటే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. ఏడాది మధ్యలో పోతే ఎట్లా అంటున్నారు.

మేడమ్: సర్టిఫికెట్లు ఇచ్చినప్పుడు రసీదు తీసుకున్నావా?

కాలర్: లేదు మేడమ్, చేరేటప్పుడు అడగడానికి భయమేసింది.

మేడమ్: అదీ సంగతి. ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే, నోటిమాట నమ్మొద్దు, కాగితం పెట్టండి. ఇప్పుడైనా ఒక లెటర్ రాయి. ఏ నెలలో ఏయే సర్టిఫికెట్లు ఇచ్చావో రాసి, తిరిగి ఇమ్మని అడుగు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. నోటీసు పీరియడ్ గొడవ ఉంటే అది వేరే తేల్చుకోవచ్చు, దానికి సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకుంటారా? జవాబు రాకపోతే మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు. ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు.

కాలర్: మేడమ్, ఇంకొకటి, జీతం కూడా...

యాంకర్: థాంక్యూ అమ్మా, చాలామంది లైన్లో ఉన్నారు. తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండి సార్.

కాలర్ (కరీంనగర్): నమస్తే మేడమ్. నాది బట్టల షాపు. 14 మంది పనిచేస్తారు, ఎక్కువ ఆడపిల్లలే. మా నాన్న పెట్టిన షాపు, అప్పట్లో చిన్నగా ఉండేది, తర్వాత పైన ఫ్లోర్ కూడా తీసుకున్నాం, పట్టుచీరలు పైన, కింద రెడీమేడ్...

మేడమ్: సమస్య చెప్పండి సార్.

కాలర్: అదే చెప్తున్నా మేడమ్. దసరా ముందు నలుగురు ఒకేసారి పోయారు. నేనేం తక్కువ చేశాను? పుట్టినరోజుకు కేక్ కోయిస్తా. బతుకమ్మకు చీరలు పెడతా. మా ఇంటి ఆడపిల్లల్లాగే చూసుకుంటా. ఎదురు షాపువాడు ఐదొందలు ఎక్కువిస్తే అటు పోయారు. ఈ రోజుల్లో విశ్వాసం లేదు మేడమ్.

మేడమ్: షాపు ఎప్పుడు తెరుస్తారు?

కాలర్: తొమ్మిదిన్నరకు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ వేస్తాం. భోజనానికి గంట ఇస్తాం.

మేడమ్: అంటే రోజుకు 11 గంటలు. ఆరు రోజులకు 66. చట్టం ప్రకారం వారానికి 48 గంటలే. ఆపైన పనికి రెట్టింపు జీతం ఇవ్వాలి. ఇస్తున్నారా?

కాలర్: అది... మా దగ్గర అందరూ ఇట్లనే నడుపుతారు మేడమ్.

మేడమ్: డబ్బిచ్చినా సరే, రోజూ అన్నన్ని గంటలు చేయించకూడదు. పొద్దున మీ షాపులో గిరాకీ ఎంత ఉంటుంది? సగం మందిని తొమ్మిదిన్నరకు, సగం మందిని మధ్యాహ్నం రమ్మనండి. సరే, ఇది చెప్పండి, కస్టమర్లు లేనప్పుడు వాళ్లు కూర్చుంటారా?

కాలర్: కౌంటర్ దగ్గర కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తుందని స్టూళ్లు తీసేయించాం. గల్లా దగ్గర నాకొక కుర్చీ ఉంటుంది.

మేడమ్: మీ ఇంటి ఆడపిల్లయితే రోజంతా నిలబెడతారా?

కాలర్: ...

మేడమ్: కోజికోడ్‌లో మిఠాయి తెరువు అని బట్టల షాపుల వీధి ఉంది. అక్కడ సేల్స్ అమ్మాయిలు మొదట టాయిలెట్ కోసం కొట్లాడారు. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని తాగకుండా ఉండేవాళ్లు. తర్వాత కూర్చునే హక్కు కోసం నిలబడ్డారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడూ మార్చింది. షాపులో పనిచేసేవాళ్లకు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాల్సిందే. ఎవరో వచ్చి చెప్పేదాకా ఎదురుచూడటం ఎందుకు? రేపే నాలుగు స్టూళ్లు కొనండి. కేక్ ఖర్చు కూడా కాదు. టాయిలెట్ ఉందా?

కాలర్: ఉంది మేడమ్, కాకపోతే గోడౌన్ వెనక. తాళం నా దగ్గర ఉంటుంది.

మేడమ్: తాళం ఎందుకు సార్? అడిగి తీసుకోవాలా? ఆ తాళం తీసేయండి ముందు.

కాలర్: సరే మేడమ్. అసలు నేనడగాలనుకున్నది ఏంటంటే, లేటుగా వస్తే ఫైన్ వేయాలా వద్దా? పది నిమిషాలు లేటైతే మేం సగం రోజు కోస్తాం. లేకపోతే ఎవరూ టైముకు రారు.

మేడమ్: అలా కోయకూడదు. పది నిమిషాలు రాకపోతే పది నిమిషాల జీతమే పోవాలి. ఫైన్ వేయాలంటే ఏ తప్పుకు వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదంతో బోర్డు మీద రాసి పెట్టాలి. వేసే ముందు ఆ మనిషి ఏం చెప్తుందో వినాలి. మొత్తం ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. 12,000 జీతమైతే 360 రూపాయలు. పైగా ఆ డబ్బు మీ గల్లాలోకి పోకూడదు, రిజిస్టర్‌లో రాసి వాళ్ల సంక్షేమానికే ఖర్చు పెట్టాలి. పాత వేతనాల చెల్లింపు చట్టంలో ఇదే ఉంది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త వేతనాల కోడ్‌లోనూ ఇదే.

కాలర్: అంటే ఫైన్ వేయొద్దంటారా?

మేడమ్: నేను చెప్పింది విన్నారా సార్? పది నిమిషాలకు సగం రోజు కోయొద్దంటున్నాను. లేటుగా వచ్చే అమ్మాయిని పక్కకు పిలిచి కారణం అడగండి. ఊరి బస్సే తొమ్మిదిన్నరకు దిగితే ఫైన్ వేస్తే బస్సు ముందొస్తుందా? ఇంతకీ ఆ నలుగురు పోయే ముందు షాపులో ఏమైంది?

కాలర్: ఏం కాలేదు మేడమ్. ఒకమ్మాయి చీర తప్పు రేటుకు అమ్మింది, రెండు వేలు నష్టం. కొంచెం గట్టిగా అన్నాను, అంతే.

మేడమ్: కస్టమర్ల ముందా?

కాలర్: షాపులోనే కదా మేడమ్, ఇంకెక్కడంటాం.

మేడమ్: అదిగో! ఐదొందలకు పోలేదు వాళ్లు. ఒకరిని అంటే మిగతావాళ్లు చూస్తూ ఉంటారు, రేపు నా వంతు అనుకుంటారు. తప్పు చెప్పాలంటే లోపలికి పిలిచి చెప్పండి. అందరి ముందు తిట్టకండి, దయచేసి. కోపం వచ్చిన రోజు నష్టాన్ని జీతంలో కోయకండి కూడా. ఇంకొక మాట, మీ దగ్గర పది మందికి మించి ఉన్నారు. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. వేయకపోతే 50,000 వరకు జరిమానా, మీకే. కమిటీ ఉందా?

కాలర్: మా ఆవిడ చూసుకుంటుంది మేడమ్ అవన్నీ.

మేడమ్: ఆమె చూసుకుంటే చాలదు, కాగితం మీద ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటర్లు ఇచ్చారా?

కాలర్: లెటర్ ఇస్తే మళ్లీ కోర్టుకు పోతారేమోనని...

మేడమ్: లెటర్ వాళ్లకే కాదు, మీకూ రక్షణే. జీతం ఎంత, పని గంటలెన్ని, సెలవు ఎప్పుడు, మూడూ రాసివ్వండి. ప్రతి నెలా 7వ తేదీలోపు జీతం వేయండి. మానేసిన ఆ నలుగురికి బాకీ ఉందా?

కాలర్: పదిహేను రోజులది ఉంది. చెప్పాపెట్టకుండా పోయారు కదా మేడమ్.

మేడమ్: పంపించేయండి. మానేసిన రెండు పని రోజుల్లో లెక్క తేల్చాలి. వాళ్లలో ఒకరైనా తిరిగి రావచ్చు, మీరు ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడితే.

కాలర్: సరే మేడమ్... మరి ఫైన్...

యాంకర్: సార్, సార్, థాంక్యూ. చాలా సేపు మాట్లాడాం. మాధాపూర్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లైన్లో ఉన్నారు.

కాలర్ (మాధాపూర్): హాయ్ మేడమ్. రాత్రి పదకొండుకు మేనేజర్ వాట్సాప్ పెడతాడు. చూడకపోతే పొద్దున మీటింగ్‌లో ఎత్తిపొడుస్తాడు. దీనికి చట్టం ఏమైనా ఉందా?

మేడమ్: మన దేశంలో లేదు బాబూ. 2018లో ఎంపీ సుప్రియా సూలే దీని మీద లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి ఉంది. మీ టీమంతా కలిసి ఒక మాట అనుకోండి, అర్జెంటయితే ఫోన్ చేయాలి, మెసేజ్ అయితే పొద్దున చూస్తాం అని. అది మెయిల్‌లో రాసి మేనేజర్‌కు పంపండి. ఒక్కడివే అడిగితే...

యాంకర్: చిన్న విరామం మేడమ్, తప్పదు.

(విరామం తర్వాత)

యాంకర్: ఇదే చివరి కాల్. విజయవాడ నుంచి. త్వరగా అడగండమ్మా.

కాలర్ (విజయవాడ): నమస్తే మేడమ్. ప్రైవేటు హాస్పిటల్లో నర్సుని, నాకు ఆరో నెల. చేరి ఏడు నెలలే అయింది కాబట్టి మెటర్నిటీ లీవు లేదంటున్నారు. కావాలంటే రిజైన్ చేసి, తర్వాత మళ్లీ చేరమంటున్నారు.

మేడమ్: రిజైన్ చేయొద్దు తల్లీ, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఏడాది నిండాలని ఎక్కడా లేదు. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మొదటి బిడ్డేనా?

కాలర్: అవును మేడమ్.

మేడమ్: 26 వారాలు జీతంతో సెలవు వస్తుంది. ఈ సమయంలో తీసేయడానికి వీల్లేదు. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టు, ప్రసవం తేదీ రాసిన డాక్టర్ చీటీ జత చెయ్యి. హాస్పిటల్లో యాభై మందికి పైగా ఉంటారు కదా?

కాలర్: రెండొందల మంది ఉంటాం.

మేడమ్: అయితే పిల్లల్ని ఉంచే క్రెష్ కూడా వాళ్లు చూపించాలి. తిరిగి చేరాక రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. వినబడుతోందా? ముందు మెయిల్. ఈ రాత్రే.

కాలర్: పెడతాను మేడమ్, థాంక్యూ మేడమ్.

యాంకర్: థాంక్యూ మేడమ్. కాల్ కలవని వాళ్లు వచ్చే వారం ఇదే సమయానికి ప్రయత్నించండి. నమస్కారం.