త్యాగరాజ ఆరాధనకి పిల్లలతో వెళ్తే

అందరికీ నమస్కారమండీ. త్యాగయ్య సిద్ధి పొందిన తిథి పుష్య బహుళ పంచమి దగ్గరపడుతోందంటే మా ఇంట్లో ఆయన సమాధి ఉన్న తమిళనాడులోని తిరువయ్యారు ప్రయాణం మాట మొదలవుతుంది. చిన్నపిల్లలున్నారు, ఆ జనంలోకి ఏం వెళ్తాంలే అని ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసమే.

మొదటిసారి మేం తెలీక తప్పు చేశాం. పంచరత్నాలు (నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో త్యాగయ్య కట్టిన ఐదు కీర్తనలు, అందరూ కలిసి పాడేవి) తొమ్మిదింటికని ఏడింటికే వెళ్లి పందిరి మధ్యలో చోటు పట్టుకున్నాం, ఇసకేస్తే రాలనంత జనం, పక్కనే పెద్ద స్పీకరు, నాట అయ్యి గౌళ ఎత్తుకునేసరికి మా నాలుగేళ్ల పాప రెండు చెవులూ మూసుకుని ఏడుపు లంకించుకుంది, లేచి వద్దామంటే దారి లేదు, మా అత్తయ్య "కొంచెం కాలు తియ్యమ్మా" అని ఒక్కొక్కరినీ బతిమాలుకుంటూ బయటికొచ్చేసరికి వరాళి కూడా అయిపోయింది.

అందుకే పిల్లలుంటే అంచునే కూర్చోండి, స్పీకర్లకి దూరంగా. మైకులో పాట ఎలాగూ బయటిదాకా వినిపిస్తుంది. రోజంతా పక్కపక్కనే రెండు వేదికల మీద ఒకరి తర్వాత ఒకరు పాడుతూనే ఉంటారు, కాబట్టి మధ్యలో లేచి వెళ్లామని బాధ పడక్కర్లేదు.

పిల్లలు విసిగిపోతే అయ్యారప్పర్ గుడికి తీసుకెళ్లండి, అదే మన పంచనదీశ్వరుడి గుడి, నడిచి వెళ్లేంత దూరమే. పెద్ద పెద్ద ప్రాకారాలు, చల్లటి రాతి నేల. అక్కడ ప్రాకారంలో ఒకచోట నిలబడి "అయ్యారా" అని గట్టిగా పిలిస్తే మన గొంతు మళ్లీ మళ్లీ మనకే వినిపిస్తుంది, మా పాప అక్కణ్ణుంచి కదిల్తేగా! మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నో సాయంత్రమో చూసుకోండి. దార్లో అశోకా హల్వా తినిపించండి, పెసరపప్పుతో చేస్తారు, ఆ ఊరి స్పెషల్, వేడివేడిగా నెయ్యి కారుతూ ఉంటుంది.

సమాధి దగ్గర జనం పల్చబడ్డాక త్యాగయ్యకి ఎదురుగా ఉన్న గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి విగ్రహం కూడా పిల్లలకి చూపించండి. త్యాగయ్య సమాధి మీద గుడి కట్టించింది ఆవిడే. ఆడవాళ్లని అక్కడ పాడనివ్వని రోజుల్లో పోట్లాడి పాడించింది కూడా ఆవిడే. 1952లో పోయారు. ఆడపిల్లలకైతే ఈ కథ తప్పకుండా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు కావేరి మెట్లు. నీళ్లుంటే మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. రెండోసారి వెళ్లినప్పుడు పందిట్లోకి పోకుండా పైమెట్టు మీదే దుప్పటి పరుచుకున్నాం, నది మీంచి గాలి, వెనకనుంచి వందల గొంతులు కలిసి పాడుతున్న పాట, ఆరభిలోనే పాప నా ఒళ్లో నిద్రపోయింది, మా అత్తయ్య మాత్రం తాళం వేసుకుంటూ శ్రీరాగం ఆఖరి చరణం దాకా ఒక్క ముక్క వదలకుండా పాడుకుంది.