వేళ్లు మడతపడే వేళ

అందరికీ నమస్కారం. కీళ్లనొప్పులతో వెళ్తే డాక్టరు నొప్పి ఎంతుందని అడిగి ఊరుకోరు, పొద్దున్న లేచాక కీళ్లు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటున్నాయి అని కూడా అడుగుతారు. అరగంటలోపు సర్దుకుంటే అరుగుదల కావొచ్చు, గంట దాటినా వదలకపోతే రుమటాయిడ్ (ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కీళ్ల మీద పడి వాపు తెచ్చే జబ్బు) లాంటిదేమోనని అనుమానం.

నాది ఆ రెండోదే, చాలా ఏళ్లుగా. ఇంట్లో అందరికీ ఆరింటికి తెల్లారితే నాకు వేళ్లు మడతపడ్డప్పుడే తెల్లారినట్టు. అందాకా కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాల్సిందే. ఇక ముగ్గు సంగతి చెప్పనే అక్కర్లేదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలవదు, గీత మధ్యలోనే తెగిపోతుంది. ఈ జబ్బులో వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ తెల్లవారుజామున హెచ్చుగా ఉంటుందట, అందుకే "ఓ నిద్ర తీస్తే అదే పోతుంది" అన్న మాట మా దగ్గర చెల్లదు.

మందుల సంగతీ అంతే. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి మా క్యాలెండర్లో ఆ రోజు చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా ఉంటుంది. దాని గుణం తెలియడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా చుట్టాలు "ఇంకా తగ్గలేదా" అంటారు. మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అని వైద్యుల లెక్క, చుట్టాల ఓపిక అంతకుముందే అయిపోతుంది. పాపం, వాళ్లని అనీ లాభం లేదు.

అన్నిటికన్నా చిక్కు "రేపు"తోనే. ఆడపడుచు "వదినా, గృహప్రవేశానికి ముందురోజే వచ్చెయ్యి" అంటే "చూస్తాలే" అంటాను, ఆవిడకది పొగరులా వినిపిస్తుంది. రేపు నేనెలా ఉంటానో నాకే తెలిస్తే కదా! పోనీ బాగున్న రోజున ఊరుకుంటామా అంటే అదీ లేదు, మళ్లీ ఈ అవకాశం వస్తుందో రాదో అని అలమర సర్ది, దుప్పట్లు ఉతికి, పచ్చడి కూడా నూరేసి, తర్వాత రెండ్రోజులు మంచం ఎక్కుతాం. ఫిజియోథెరపీ వాళ్లు చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు: నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఆగాలి. ఇరవై నిమిషాలు కూరలు తరిగితే, ఇంకా తరగగలిగినా సరే, కత్తిపీట పక్కన పెట్టెయ్యాలి. వినడానికి తేలికే, సగం తరిగిన బెండకాయల్ని వదిలి లేవడం ఎంత కష్టమో చేసేవాళ్లకి తెలుస్తుంది.

మా ఆడపడుచు మాత్రం ఈమధ్య కిటుకు పట్టేసింది. ఎప్పుడొస్తావని అడగడం మానేసి, "పదకొండు దాటాక ఫోన్ చేస్తాను, అప్పుడు చెప్పు" అంటోంది. ఉంటానండి.